మాటలకు క్రమము నేర్పిన వైద్యుడు - పీటర్ మార్క్ రోజే

ఆంగ్లభాషను అభ్యసించు విద్యార్థులలో ‘థిసారస్’ అను గ్రంథము పేరు విననివారు అరుదు. కాని ఆ గ్రంథకర్త వృత్తిరీత్యా వైద్యుడనియు, ఆయన జీవితమంతయు అశాంతితో సాగిన పోరాటమనియు ఎరిగినవారు కొందరే.

పీటర్ మార్క్ రోజే 1779 జనవరి 18న లండన్ నగరమున జన్మించారు. తండ్రి జెనీవానుండి వచ్చిన మతాచార్యుడు. తల్లి వంశమువారు మతకారణమున ఫ్రాన్సు విడిచి వచ్చిన ప్రొటెస్టెంటులు. ఇట్లు ఇంగ్లండులో అల్పసంఖ్యాకులైన కుటుంబమున, రెండు భాషల నడుమ ఆయన పెరిగారు. 1783లో తండ్రి మరణించారు. తల్లి మనస్సు తరచు కలత చెందుచుండెడిది. ఆ కలతల నడుమ బాలుడు మాటల జాబితాలు వ్రాసికొనుట అలవరచుకొన్నాడు. పంతొమ్మిదవ ఏట, 1798లో, ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందారు. 1803లో జెనీవాలో ఉండగా నెపోలియన్ ఆజ్ఞవలన చెరపాలు కావలసివచ్చినను, తండ్రి జన్మస్థలము సాక్ష్యముగా చూపి తప్పించుకొన్నారు.

మాంచెస్టరులో వైద్యుడుగా నున్నపుడు, 1805లో, ఇరువదియారేండ్ల వయసున, తన స్వంత ఉపయోగమునకై పదములను అర్థానుసారముగ కూర్చి ఒక చిన్న వ్రాతప్రతి సిద్ధము చేసికొన్నారు. పిదప దానిని చాలకాలము ప్రకటింపక తనయొద్దనే ఉంచుకొన్నారు. 1818లో ప్రసిద్ధ న్యాయసంస్కర్తయైన మేనమామ సామ్యుయెల్ రోమిలీ భార్యావియోగము భరింపలేక ఆత్మహత్య చేసికొన్నారు. 1833లో రోజే భార్య మేరీ మరణించింది. అయినను ఆయన కర్తవ్యము విడువలేదు. 1827 మొదలు 1848 వరకు రాయల్ సొసైటీ కార్యదర్శిగా పనిచేశారు. ఆ బాధ్యత తీరిన పిమ్మట పాత వ్రాతప్రతిని చేపట్టి, 1852లో, డెబ్బదిమూడవ ఏట ప్రకటించారు.

ఆ గ్రంథమున పదములు అక్షరక్రమమున గాక భావక్రమమున, 1000 శీర్షికలక్రింద ఉన్నవి. అందు కాలమునకిచ్చిన స్థానము మనము గమనింపదగినది. వరుస, పిదప సంఖ్య, ఆ పిదప కాలము, తరువాత మార్పు, ఆ మీదట కారణము. కాలమును గూర్చినవి 106 నుండి 139 వరకు గల శీర్షికలు. వాటిని మూడు తెగలుగా విభజించారు: నిరపేక్షమైన కాలము, మరియొకదానితో పోల్చి చెప్పు కాలము, మరల మరల వచ్చు కాలము. ముందు-వెనుక, నూతనము-పురాతనము, తొందర-ఆలస్యము వంటి విరుద్ధభావములను ఎదురెదురుగా నిలిపారు. నేడు ‘ప్రయారిటీ’ అనగా ప్రాముఖ్యమని తలచుచున్నాము. రోజే దానిని కాలమున ముందుండుట అను అర్థమునే శీర్షికగా ఉంచారు. ముందు వచ్చునదే ముఖ్యమను భావము ఆ మాటలో ఎట్లు చేరినదో దీనివలన గ్రహింపవచ్చును.

మన దేశముతో దీనికొక సంబంధము కలదు. కోల్‌బ్రూక్ పరిష్కరించి ఆంగ్లార్థములతో 1808లో శ్రీరాంపురమున ప్రకటించిన అమరకోశమును రోజే ఎరుగుదురు. తన పీఠికలో దానిని పేర్కొని, అమూర్తభావముల విషయమున దాని విభజన తృప్తికరము కాదని అభిప్రాయపడ్డారు. ఈ తీర్పుతో మనము పూర్తిగా ఏకీభవింపనక్కరలేదు. అమరసింహుడు కంఠస్థము చేయువారికొరకు శ్లోకములలో కూర్చెను; కాలవర్గమునకు ప్రత్యేకస్థానము నతడును ఇచ్చెను. రోజే వ్రాయుచు వ్రాయుచు మాటకై తడబడువారికొరకు కూర్చారు. ప్రయోజనము వేరైనపుడు క్రమమును వేరగును.

1869 సెప్టెంబరు 12న, తొంబదవ ఏట, వెస్ట్ మాల్వెర్న్‌లో ఆయన కన్నుమూశారు. కుమారుడు జాన్ లూయిస్ ఆ గ్రంథమును పెంచి, పరిష్కరించి, తండ్రి కృషిని కొనసాగించారు.

మొదటి వ్రాతప్రతికిని ముద్రితగ్రంథమునకును నడుమ నలుబదియేడేండ్లు గడచినవి. దుఃఖము ఆయన జీవితమును చెదరగొట్టజూచినది. ఆయన మాత్రము చెదరిన మాటలను చేరదీసి వరుసలో నిలిపారు. పరీక్షల టైమ్‌టేబులు చూచి కాలము చాలదని దిగులుపడు మన విద్యార్థులు ఈ జీవితమును ఒకమారు తలచుకొందురుగాక. మొదలిడిన పనిని పారవేయక భద్రపరచినచో, దానికి తగిన వేళ ఆలస్యముగానైనను వచ్చును.