రోనాల్డ్ రాస్

చలిజ్వరము సోకినవాని బాధ చూచినవారికే తెలియును. మొదట రోగి గజగజ వణకును. ఎన్ని కంబళ్లు కప్పినను చలి తీరదు. పిమ్మట ఒడలు నిప్పువలె కాలును. తుదకు చెమటలు పోసి జ్వరము దిగును. ఇక తీరినదని ఇంటివారు సంతోషించునంతలో, ఒకదినము విడిచి మరల వచ్చును. దీనినే మలేరియా అందురు. ఇటలీ భాషలో ఈ మాటకు చెడుగాలి అని అర్థము. చిత్తడి నేలలనుండి లేచు దుర్వాయువే ఈ జ్వరమునకు మూలమని లోకము వేల సంవత్సరములు నమ్మెను. ఆ భ్రమను తొలగించిన పరిశోధన మన సికింద్రాబాదులో జరిగినది. దానిని సాధించిన మహనీయుడు రోనాల్డ్ రాస్.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదేండ్ల ప్రాయమున బాలుని చదువునకై ఇంగ్లండుకు పంపిరి. అతనికి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము ప్రియములు. వైద్యమునందు ఆసక్తి లేదు. అయినను తండ్రి కోర్కెను మన్నించి వైద్యవిద్య నభ్యసించి, 1881లో భారత వైద్యశాఖలో ప్రవేశించెను.

బెంగుళూరులో నున్నప్పుడు అతని గదిలో దోమలు మెండుగా నుండెను. కిటికీచెంత నున్న నీటితొట్టిలో దోమపిల్లలు తిరుగుట అతడు గమనించి, ఆ తొట్టిని బోర్లించెను. దోమలు తగ్గినవి. ఆ చిన్న అనుభవము అతని మనస్సులో నాటుకొనెను.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తమందు మలేరియా క్రిమిని కనుగొనెను. 1894లో లండనునందు మాన్సన్ అను పండితుడు రాస్‌కు ఆ క్రిమిని చూపి, దీనిని వ్యాపింపజేయునది దోమ కావచ్చునని తన ఊహను తెలిపెను. ఆ ఊహ నిజమో కాదో తేల్చవలెనను పట్టుదలతో రాస్ 1895లో సికింద్రాబాదునకు వచ్చెను.

ఆ పని సులభమైనది కాదు. దోమను కోసి, దాని శరీరములోని అణువణువును సూక్ష్మదర్శినితో వెదకవలెను. వేసవిలో గది కొలిమివలె నుండెడిది. పంకా వీచిన కోసిన దోమ యెగిరిపోవును గనుక దానిని ఆపివేసెను. నుదుటి చెమట కారి యంత్రపు మరలు త్రుప్పుపట్టెను. లెక్కకు మిక్కిలి దోమలను కోసినను ఫలము కానరాలేదు. అతడు వెదకినవి మలేరియాను మోయని జాతి దోమలని అప్పటికి తెలియదు.

1897 ఆగస్టులో మచ్చల రెక్కలుగల వేరొక జాతి దోమలు లభించెను. వీనినే అనాఫిలిస్ దోమలందురు. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగి వానిచేత కుట్టించుకొనుట కంగీకరించెను. కుట్టిన దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించెను. ఆగస్టు 20వ తేదీన మిగిలిన కొద్ది దోమలలో నొకదానిని కోసి చూడగా, దాని పొట్టగోడలో నల్లని రేణువులతోకూడిన గుండ్రని కణములు కనిపించెను. అవి పెరుగుచున్న మలేరియా క్రిములు! ఆ దినమే నేడు లోకమంతట దోమల దినముగా జరుపబడుచున్నది. రాస్ పేరు చెప్పునప్పుడు హుసేన్ ఖాన్‌ను మరువరాదు.

మరుసటి యేట కలకత్తాలో రాస్ పక్షులపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజలగ్రంథులలో చేరి కాటు ద్వారా వేరొక ప్రాణికి సోకునని నిరూపించెను. మనుష్యుల విషయమున ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ సత్యమును స్థాపించిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

రాస్ బహుమానముతో తృప్తిచెందలేదు. కనుగొన్న సత్యము ఇంటింటికి చేరనిచో దానివలన ప్రజలకు ఫలమేమి? 1902లోనే అతడు సూయజ్ కాలువ యొడ్డున నున్న ఇస్మాయిలియాకు వెళ్లెను. మంచినీటి కాలువ వచ్చిన పిమ్మట ఆ పట్టణము మలేరియాకు నిలయమాయెను. అతని సలహాపై నిలువనీటిని తొలగింపగా కొన్నియేండ్లలోనే జ్వరము దాదాపు అంతరించెను. మారిషస్ దీవిలో పిల్లల ప్లీహములను పరీక్షించి, ఏ పల్లెలో వ్యాధి ఎంత యున్నదో లెక్కగట్టెను. దోమలన్నింటిని చంపనక్కరలేదనియు, ఒక మేరకు తగ్గించిన చాలుననియు గణితముచే తేల్చెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన అతడు లండనులో మరణించెను.

ఇస్మాయిలియా నేర్పిన పాఠము మనకును వర్తించును. నాగార్జునసాగరపు ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములను వరిపొలములతో పచ్చన చేసినది. సూర్యాపేట చెంత మూసీ నీరు పారుచున్నది. నీరు అన్నము పెట్టును. కాని నిలిచిన నీరు దోమకు ఊయల. పల్లెలందు మలేరియాను వ్యాపింపజేయు దోమ కాలువలలోను, వరిమళ్లలోను, బావులలోను పెరుగును.

1953లో మన దేశము మలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించెను. గోడలపై మందు చల్లిరి. జ్వరపీడితులను ఇండ్లకు వెళ్లి వెదకి రక్తము పరీక్షించిరి. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. పిమ్మట శ్రద్ధ సడలుటచే 1976లో అది అరువదినాలుగు లక్షలకు పెరిగెను. శత్రువు తగ్గినప్పుడే కావలి గట్టిగా నుండవలెనని ఈ అంకెలు చాటుచున్నవి.

2030 నాటికి మలేరియాను దేశమునుండి తొలగించుట నేటి సంకల్పము. ఇందుకు ఇంటింటి పరీక్ష మిక్కిలి ముఖ్యము. కొందరు జ్వరము లేకయే రక్తములో క్రిమిని మోయుచుందురు. వారు ఆసుపత్రికి రారు. పరీక్షయే వారి వాకిటికి పోవలెను. వ్రేలినుండి తీసిన ఒక్క రక్తపు చుక్కతో కొద్ది నిమిషములలో వ్యాధి తెలియును. ఒకజాతి క్రిమి కాలేయములో దాగి, నెలల పిమ్మట మరల జ్వరము తెచ్చును. దానికి పదునాలుగు దినములు మందు తినవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానినవాడు తనకును, పొరుగువారికిని కీడు చేసినవాడగును.

బేగంపేటలో రాస్ పరిశోధించిన భవనము నేటికిని నిలిచియున్నది. బాలబాలికలారా! అవకాశము దొరికినప్పుడు దానిని దర్శింపుడు. అంతకు ముందు మీ పెరటిలోని నీటితొట్టిని చూడుడు. దానిలో దోమపిల్లలున్నచో రాస్ బెంగుళూరులో చేసిన పనినే చేయుడు. ఆరోగ్య కార్యకర్త మీ ఇంటికి వచ్చినప్పుడు జంకక వ్రేలు చాపి, పెద్దలకును ధైర్యము చెప్పుడు.