గద్దల కొండను కాచిన రోజలీ ఎడ్జ్

పక్షి సంరక్షణ అనగానే మన విద్యార్థులకు సలీం అలీ మహాశయుని పేరు స్ఫురిస్తుంది. అమెరికాలో అటువంటి కార్యానికే నడుము కట్టిన రోజలీ ఎడ్జ్‌ను మనవారిలో ఎరిగినవారు తక్కువ.

ఆమె 1877 నవంబరు 3న న్యూయార్కు నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. తొలుత స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో పాల్గొని, కరపత్రం రాయడం, సభలో నిలిచి వాదించడం అలవరచుకుంది. ఆ విద్యయే పిమ్మట పక్షులకు అక్కరకు వచ్చింది. 1929లో, యాభై దాటిన వయస్సులో, పక్షి సంఘాల ఉదాసీనతను విమర్శించిన ఒక చిన్న పుస్తకం చదివి ఆమె చలించిపోయింది. ఆ సంవత్సరమే ఒక సంరక్షణ సమితిని స్థాపించి, నాటి ప్రఖ్యాత ఆడుబాన్ సంఘాన్నే నిలదీసింది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో కిటటిన్నీ అనే పొడవైన పర్వతశ్రేణి ఉంది. శరదృతువులో దక్షిణానికి వలసపోయే గద్దలు, డేగలు, గరుడ పక్షులు ఆ కొండగాలి ఆసరాతో శిఖరానికి అతి చేరువగా సాగిపోతాయి. ఆ అదను చూసి వేటగాండ్రు వేలాది పక్షులను కేవలం వినోదార్థం కాల్చేవారు. డేగలలో ఒక జాతిని చంపినవారికి ప్రభుత్వమే 5 డాలర్ల బహుమానం ఇచ్చేది! కోడిపిల్లను తన్నుకుపోయే పక్షి మీద ఎవరికి మాత్రం జాలి కలుగుతుంది? చంపి వరుసగా పేర్చిన పక్షుల ఛాయాచిత్రాలు చూచిన రోజలీ, ఆ కొండను కొనుమని పెద్ద సంఘాలను కోరింది. ఎవరూ కదలలేదు. 1934లో 500 డాలర్లు అప్పు తెచ్చి తానే సుమారు 1,400 ఎకరాలు కౌలుకు తీసుకుంది.

స్థలం చేతికి వచ్చినంత మాత్రాన తుపాకులు ఆగుతాయా? మారిస్ బ్రౌన్ అనే యువకుణ్ణి, అతని భార్య ఇర్మాను ఆమె కాపలా ఉంచింది. అతడు మొదట జీతం కూడా కోరలేదు. వేటగాండ్ర బెదిరింపులను ఇర్మా ద్వారం వద్దనే నిలిచి ఎదుర్కొన్నది. బ్రౌన్ శిఖరం మీద కూర్చుని పక్షులను లెక్కించేవాడు. వచ్చినవారికి ఏది డేగయో ఏది గద్దయో గుర్తించడం, అవి పంటలు పాడుచేసే ఎలుకలను తింటాయని తెలుసుకోవడం నేర్పేవాడు. తుపాకులు మోసిన దారినే జనం దుర్భిణులతో ఎక్కసాగారు. నా దృష్టిలో కౌలు పత్రం కంటె ఈ బోధనయే ఆ కొండను నిజంగా కాపాడింది.

బ్రౌన్ లెక్కలకు ఊహించని ప్రయోజనం కూడా కలిగింది. గరుడ పక్షులలో పిల్లల సంఖ్య తగ్గిపోతున్నదని అవి తెలిపాయి. డి.డి.టి. మందు దుష్ఫలితాలను వివరిస్తూ రేచెల్ కార్సన్ 1962లో ప్రకటించిన గ్రంథంలో ఆ అంకెలను ఉదాహరించింది. అమెరికాలో ఆ మందు వాడకం 1972లో నిషిద్ధమైంది.

1962 నవంబరులో, తాను జీవితమంతా విమర్శించిన ఆడుబాన్ సంఘ మహాసభకు రోజలీ వెళ్లింది. సభ్యులందరూ లేచి నిలబడి కరతాళధ్వనులతో ఆమెను గౌరవించారు. ఆ నెల 30వ తేదీన ఆమె కన్నుమూసింది.