మాయాబజార్ పెట్టెలో 1957లోనే ‘వీడియో కాల్’.. ఆ ప్రియదర్శిని వెనుక ఉన్న గోఖలే ఎవరో తెలుసా?

ఇప్పుడంటే ఎవరి చేతిలో చూసినా ఫోనే. బటన్ నొక్కితే చాలు, ఎక్కడో ఉన్న మనిషి కళ్ల ముందుంటాడు. కానీ మన తాతల కాలంలోనే తెలుగు తెరపై ఒక పెట్టె ఈ పని చేసి చూపించింది. అదే ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని. మూత తీసి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు. కృష్ణుడు చూస్తే మాత్రం శకుని! ఆ పెట్టెలోంచే ప్రేమికులిద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ పాట కూడా పాడేసుకుంటారు.

రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, రంగారావు.. ఈ పేర్లు అందరికీ తెలుసు. మరి ఆ మాయాలోకానికి రూపం ఇచ్చిందెవరు? కళా దర్శకుడు మాధవపెద్ది గోఖలే. ఆయనకు జోడీ కళాధర్.

కోడూరు నుంచి మద్రాసుకు

గోఖలే 1917లో గుంటూరు జిల్లా బ్రాహ్మణ కోడూరులో పుట్టారు. వివాహ భోజనం పాటతో ఇంటింటికీ చేరిన గాయకుడు మాధవపెద్ది సత్యానిదీ అదే ఊరు, అదే ఇంటిపేరు. అప్పట్లో సినిమా అంటే మద్రాసే. కోస్తా నుంచి వెళ్లే రైలు ఒంగోలు, కావలి దాటి, బోగోలు మండలంలోని బిట్రగుంట మీదుగా నెల్లూరు, గూడూరు చేరి మద్రాసు వెళ్లేది. బొమ్మలు వేసేవాళ్లు, పాటలు పాడేవాళ్లు, వేషాలు కట్టేవాళ్లు.. ఎంతోమంది కలలు మోసుకుని వెళ్లిన దారి అది.

విజయా వారి సంస్థలో గోఖలే, కళాధర్ జంట కుదిరింది. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది. మాంత్రికుడి గుహ, ఎత్తయిన విగ్రహం, మాయా మహలు చూసి జనం నోరెళ్లబెట్టారు. ఆ తర్వాత ‘పెళ్లిచేసి చూడు’, ‘మిస్సమ్మ’, ‘జగదేకవీరుని కథ’, ‘గుండమ్మ కథ’. మాయలున్న సినిమా అయినా, మామూలు ఇంటి కథ అయినా గోడలు నిలబెట్టింది ఈ జంటే.

300 బొమ్మ ఇళ్లతో ద్వారక

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’కు దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్‌ట్లీ. కంప్యూటర్ గ్రాఫిక్స్ అనే మాటే లేని రోజులవి. మరి ద్వారక నగరం ఎలా వచ్చింది? 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న చోట 300 బొమ్మ ఇళ్లు కట్టారు. ఒక్కో ఇంట్లో లైట్లు పెట్టారు. వడ్రంగులు, పెయింటర్లు, లైట్‌బాయ్‌లు కలిపి స్టూడియోలో 400 మంది దాకా పనిచేశారు. అన్నిటికీ ముందు కాగితం మీద గీత పడాలి. ఆ గీత కళా దర్శకుడిది.

ఇంకో చిక్కుంది. సినిమా నలుపు తెలుపు. సెట్టులో వేసిన బంగారు రంగు తెరపై బంగారంలా కనిపించదు, బూడిద రంగే. అయినా చూసేవాళ్లకు అది బంగారమే అనిపించాలి. అందుకే మెరుపు, నీడ, చెక్కడాల లోతు.. వీటితోనే భ్రమ పుట్టించాలి. 2010లో ఈ సినిమాకు రంగులు అద్దారు. కానీ అంతకుముందు 53 ఏళ్లు జనం రంగుల్లేకుండానే ఆ మహళ్లను నమ్మారు.

పగలు మహళ్లు.. కథల్లో మాత్రం పేదల బతుకు

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. గోఖలే మంచి కథకుడు కూడా. మా.గోఖలే పేరుతో కథలు రాశారు. వాటిలో రాజులు లేరు, మంత్రదండాలు లేవు. పల్లె జనం, కాయకష్టం చేసుకునేవాళ్లే ఉన్నారు. ఆయన కథల్లో ‘బల్లకట్టు పాపయ్య’కు మంచి పేరుంది. తెర మీద కృష్ణుడి ద్వారక కట్టిన చెయ్యే, కాగితం మీద బల్లకట్టు నడిపే మనిషికి చోటిచ్చింది.

1981లో గోఖలే కన్నుమూశారు. షూటింగ్ అయిపోతే సెట్టు పీకేస్తారు, చెక్క మరో సినిమాకు వాడతారు. అందుకే కళా దర్శకుడి పనికి మిగిలే సాక్ష్యం సినిమా రీలొక్కటే.

మీరూ చేసుకోవచ్చు

విదేశాల్లో సైన్స్ ఫిక్షన్ సినిమాల్లోని కత్తులు, హెల్మెట్లు, తుపాకుల నమూనాలను ఇంట్లోనే చేసుకునే అభిమానులు చాలామంది ఉన్నారు. మన బోగోలులో కూర్చుని కూడా ఆ పని చేయొచ్చు, అదీ మన ప్రియదర్శినితో. సీన్ దగ్గర వీడియో ఆపండి. పెట్టె పక్కన ఉన్న శశిరేఖ చేతిని కొలతగా తీసుకుంటే పెట్టె సైజు సుమారుగా తెలుస్తుంది. దళసరి అట్ట, జిగురు, అంచులకు మైదా పిండితో కలిపిన కాగితం గుజ్జు, పైన పెయింటు చాలు. లోపల మూలన పడేసిన పాత ఫోన్ పెట్టి ఇష్టమైనవాళ్ల వీడియో ఆన్ చేయండి.

మూత తీసిన అమ్మమ్మకు ఎక్కడో దూరాన ఉన్న మనవడు కనిపిస్తే, గోఖలే పెట్టె మళ్లీ పనిచేసినట్టే.