మాండలిన్ శ్రీనివాస్

కర్ణాటక సంగీతానికి పరదేశపు వాద్యం కొత్త కాదు. సుమారు రెండు శతాబ్దాల క్రితం ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు ఐరోపావారి వయొలిన్‌ను నేర్చి, దానిని మన సంగీతానికి అలవాటు చేశారు. నేడు వయొలిన్ సహకారం లేని గాత్ర కచేరీని ఊహించడమే కష్టం. అయితే వయొలిన్‌కు మెట్లు లేవు. తంత్రి మీద వేలు ఎక్కడైనా ఆగవచ్చు, ఎక్కడికైనా జారవచ్చు. అందుచేత గమకం దానికి సులభంగానే పట్టుబడింది.

ఇటలీలో రూపుదిద్దుకొన్న మాండలిన్ స్వభావం వేరు. దానికి మెట్లున్నాయి. ప్రతి స్వరానికీ ఒక స్థానం నిర్ణయమై ఉంటుంది. తంత్రులు రెండేసి చొప్పున నాలుగు జతలుగా ఉంటాయి. చిన్న బిళ్లతో మీటగానే నాదం పుట్టి, అంత త్వరగానూ అణగిపోతుంది. నాదాన్ని నిలపాలంటే ఒకే స్వరాన్ని మళ్ళీమళ్ళీ వేగంగా మీటవలసిందే. వీణకూ మెట్లున్నాయి కదా అని విద్యార్థులకు సందేహం రావచ్చు. వీణలోని 24 మెట్లను మైనం మీద ఎత్తుగా అమరుస్తారు. ఒంటి తంత్రిని మెట్టుపై పక్కకు లాగి వైణికులు గమకాన్ని సాధిస్తారు. జంట తంత్రులున్న మాండలిన్‌పై అలా లాగడం దుస్సాధ్యం. సినిమా పాటల వాద్యబృందంలో దానికి చోటు దొరికింది గాని, శాస్త్రీయ సంగీత వేదిక మీద దొరకలేదు. ఆ చోటును సంపాదించి పెట్టినది పండితులో, పరిశోధకులో కాదు. పాలకొల్లుకు చెందిన ఒక పసివాడు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. పంచారామాలలో ఒకటైన క్షీరారామం వెలసిన ఊరది. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారులు. ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్ల వయసులో శ్రీనివాస్ దానిని చేతికి తీసుకొన్నారు. ఆటవస్తువు కోసం మారాం చేసే ఈడులో ఆ బాలుడు తంత్రుల మీద స్వరాలను వెదుక్కొంటూ కూర్చొనేవాడు. కుమారుని శ్రద్ధను గమనించిన తండ్రి తనకు తెలిసినంతవరకు నేర్పారు. ఆపైన తన గురువు రుద్రరాజు సుబ్బరాజు వద్దకు తీసుకొని వెళ్ళారు.

సుబ్బరాజు మహాగాయకులైన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. బాలుని ప్రతిభను ఆయన వెంటనే గుర్తించారు. అయితే ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. మరొకరైతే ఆ వాద్యం తెలిసిన వారి దగ్గరకు వెళ్ళమని పంపివేసేవారేమో! సుబ్బరాజు అలా చేయలేదు. ఆయన పాడేవారు. విన్నదానిని విన్నట్లు శిష్యుడు వాద్యం మీద పలికించాలి. వేలు ఏ మెట్టు మీద ఉంచాలో, ఏ తంత్రిని ఎలా మీటాలో చెప్పేవారు లేరు. గురువుగారి కంఠంలో స్వరం కదిలితే శిష్యుని వాద్యంలోనూ కదలాలి. ఎలా అన్నది శిష్యుడే కనుగొనాలి.

శ్రీనివాస్ జీవితంలో అత్యంత ముఖ్యమైన ఘట్టం ఇదే. ఆయనకు మాండలిన్ తెలిసిన గురువు దొరికి ఉంటే, ఆ వాద్యం ఏమి చేయగలదో మొదట నేర్చుకొని ఉండేవారు. ఏమి చేయలేదో కూడా దానితోపాటే నేర్చుకొనేవారు. ఆ రెండవ పాఠం ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైగా కృతులన్నీ పాటగా విని నేర్చినందువల్ల వాటి సాహిత్యం ఆయన మనసులో నిలిచిపోయింది. త్యాగరాజ కృతిని ఆయన వాయిస్తూంటే, సాహిత్యం తెలిసిన శ్రోతకు మాటలు కూడా వినిపిస్తున్నట్లే ఉండేది.

1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో శ్రీనివాస్ తొలి కచేరీ చేశారు. అప్పటికాయన వయసు తొమ్మిదేళ్లు. కుమారుని విద్య కోసం కుటుంబం మద్రాసుకు తరలివెళ్ళింది. 1981 డిసెంబరు సంగీతోత్సవాల సమయంలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద ఆయన మద్రాసు రసికుల ఎదుట కూర్చొన్నారు. సంప్రదాయం మీద పట్టుదల గల శ్రోతలు అక్కడ అనేకులు. విద్యుత్ పరికరం తగిలించిన విదేశీ వాద్యం, దానిని ఒళ్లో పెట్టుకొన్న పన్నెండేళ్ల బాలుడు! సందేహించినవారిని తప్పుపట్టలేము. ఆ సందేహానికి సమాధానంగా శ్రీనివాస్ వాదోపవాదాలకు దిగలేదు. ఆయన మితభాషి. వేదిక మీద ఒక చిరునవ్వు, ఆ తరువాత రాగాలాపన. విన్నవారు మళ్ళీ వచ్చారు, మరికొందరిని వెంటబెట్టుకొని వచ్చారు.

వాద్యాన్ని కూడా ఆయన తనకు అనువుగా మార్చుకొన్నారు. నాలుగు జంట తంత్రులకు బదులు అయిదు ఒంటి తంత్రులను అమర్చుకొన్నారు. తంత్రి ఒంటిదైతే వేలితో లాగి గమకం పలికించవచ్చు. తంత్రులు అయిదైతే మంద్రం నుండి తార వరకు సంచారానికి వీలు పెరుగుతుంది. విద్యుత్ సహాయంతో నాదం కొంతసేపు నిలుస్తుంది. చెప్పడానికి ఇవి చిన్న మార్పులే. కాని గాత్రం మాదిరిగా సాగే విలంబకాల ఆలాపన మాండలిన్ మీద సాధ్యమైనది ఇటువంటి మార్పులతోనే. శ్రీనివాస్ అనగానే చాలామంది ఆయన వేళ్ల వేగాన్ని తలుస్తారు. వేగం ఆయనకు పుష్కలంగా ఉన్నమాట నిజం. అయినా ఒక స్వరం మీద ఆగి, దానిని మెల్లగా ఊపి, పక్క స్వరం అంచును తాకి తిరిగివచ్చే చోటనే ఆయన విద్వత్తు మరింతగా తెలుస్తుంది.

1983లో పశ్చిమ బెర్లిన్‌లో జరిగిన జాజ్ సంగీతోత్సవానికి ఆయనను ఆహ్వానించారు. రాగమంటే తెలియని శ్రోతలు లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు. ఆనాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. పదిహేనేళ్ల వయసులో తమిళనాడు ప్రభుత్వం ఆస్థాన విద్వాంసునిగా గౌరవించింది. 1998లో పద్మశ్రీ, 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించాయి. ఇంకా ఎన్నో సత్కారాలు జరిగాయి గాని, వాటి పట్టిక వల్ల ఆయన సంగీతం మనకు ఎక్కువగా బోధపడదు.

ఆయన సంగీతాన్ని బాగా గ్రహించినవారిలో ఒకరు బ్రిటన్‌కు చెందిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్. అమెరికాలోని నల్లజాతి ప్రజల కష్టాల నుండి పుట్టిన బ్లూస్ సంగీతంలో గిటారు వాద్యకారులు తంత్రిని వేలితో వంచి, రెండు మెట్ల నడుమనున్న స్వరాన్ని పలికిస్తారు. ఏడుపుకు, పాటకు మధ్య నిలిచే ధ్వని అది. మన గమకానికి అది దూరపు చుట్టమనవచ్చు. బ్లూస్, జాజ్ సంగీతాల నుండి వచ్చిన మెక్‌లాఫ్లిన్ 1970లలో జాకీర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి ‘శక్తి’ అనే బృందాన్ని నడిపారు. 1990ల చివర అది ‘రిమెంబర్ శక్తి’ పేరుతో పునరుద్ధరింపబడినపుడు శ్రీనివాస్ అందులో చేరారు. గిటారూ మాండలిన్ ఒకదానికొకటి బదులిచ్చుకొనే ఆ కచేరీలలో, తనకన్నా వయసులో ఎంతో పెద్దవారైన కళాకారుల సరసన ఆయన సమానునిగా కూర్చొన్నారు. విదేశీ వేదికల మీద వాయించినా రాగస్వరూపాన్ని చెడనీయలేదు. ఆ వేదికలు దిగివచ్చి దేవాలయ ప్రాంగణంలో త్యాగరాజ కృతిని వాయించడానికి ఆయనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసులే. అన్నదమ్ములు కలిసి ఎన్నో కచేరీలు చేశారు. శ్రీనివాస్ చెన్నైలో పలువురికి మాండలిన్ నేర్పారు. తనకు ఆ వాద్యం తెలిసిన గురువు లేరు. తన శిష్యులకు మాత్రం ఆ కొరత లేకుండా చేశారు.

2014లో శ్రీనివాస్ కాలేయ వ్యాధికి గురయ్యారు. చెన్నైలో కాలేయ మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. అనంతరం ఆరోగ్యం విషమించి, సెప్టెంబరు 19న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై అయిదేళ్లు. కర్ణాటక సంగీతంలో నలభై అయిదేళ్లంటే విద్వాంసుడు నిండుదనాన్ని సంతరించుకొనే వయసు. తొమ్మిదో ఏట మొదలుపెట్టిన కచేరీ జీవితం ముప్ఫై ఆరేళ్లు సాగింది గనుక అది తక్కువ కాలమేమీ కాదని లెక్క చెప్పవచ్చు. ఆ లెక్కతో ఊరట పొందిన రసికులు మాత్రం ఎవరూ లేరు.

‘శక్తి’ బృందం తరువాతి కాలంలో మళ్ళీ సమావేశమయింది. శ్రీనివాస్ స్థానంలో మరొక మాండలిన్ కళాకారుని తీసుకొనలేదు. వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్ చేరారు. వారు 2023లో వెలువరించిన ‘దిస్ మొమెంట్’ అనే సంపుటికి 2024 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం లభించింది. ఆ సంపుటిలోని మొదటి రచన పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. శ్రీనీ అన్నది మిత్రులు ఆయనను పిలుచుకొన్న ముద్దుపేరు.