తెల్ల కాగితం మీద చుక్క – రాబర్ట్ బాయిల్

రాబర్ట్ బాయిల్ అనగానే మనకు వాయు నియమమే గుర్తొస్తుంది. కాని టైట్రేషన్ చేసేటప్పుడు కోనికల్ ఫ్లాస్కు కింద తెల్లటి పలక పెట్టి, గులాబీ రంగు వచ్చిందా లేదా అని కళ్ళు చిట్లించి చూసే ప్రతి విద్యార్థీ ఆయనకు మరో విధంగా కూడా ఋణపడి ఉన్నాడు. ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లో అంతగా కనపడదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బాయిల్ 1627 జనవరి 25న ఐర్లండులోని లిస్మోర్ కోటలో పుట్టాడు. తండ్రి కార్క్ ప్రభువు, గొప్ప ధనవంతుడు. ఆయన సంతానంలో మన బాయిల్ పద్నాలుగోవాడు. మూడేళ్ళకే తల్లి పోయింది. ఈటన్‌లో కొంతకాలం చదివి, పన్నెండేళ్ళకే ఐరోపా యాత్రకు వెళ్ళాడు. 1644లో తిరిగి వచ్చేసరికి తండ్రి కూడా లేడు. ఇంగ్లండులో స్టాల్‌బ్రిడ్జి ఎస్టేటు ఆయన వంతుకొచ్చింది. కాలుమీద కాలు వేసుకుని బతకవచ్చు గదా! ఆయన మాత్రం కొలిమి పెట్టించి ప్రయోగాలు మొదలుపెట్టాడు.

1654 ప్రాంతంలో పెద్ద జబ్బు చేసి చూపు దెబ్బతిన్నది. అప్పటినుంచీ రాతపని చాలావరకు ఇతరులకు చెప్పి రాయించుకోవలసి వచ్చింది. తరువాత ఆక్స్‌ఫర్డ్ చేరి, రాబర్ట్ హుక్ సాయంతో గాలి పంపు తయారు చేయించాడు. వాయు నియమం 1662లో వెలువడింది.

అంత బలహీనమైన చూపున్న మనిషి 1664లో రంగుల మీద ఏకంగా ఒక పుస్తకమే ప్రకటించాడు. అందులో వయొలెట్ పూల పాకంతో చేసిన ప్రయోగం ఉంది. నీలి రంగు పాకాన్ని ఒక చుక్క తెల్ల కాగితం మీద వేశాడు. తెల్లదనం మీద మార్పు స్పష్టంగా తెలుస్తుంది, సరుకూ కొంచెమే పడుతుంది. దాని మీద ఆమ్లం వేస్తే ఎర్రబడింది, క్షారం వేస్తే ఆకుపచ్చగా మారింది.

రంగు మారడం ఆయన కనిపెట్టిన వింత కాదు. అద్దకం పనివాళ్ళకు అలాంటివి ముందే తెలుసు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని, దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలిపే మా నాయనమ్మకూ తెలుసు. బాయిల్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక్క ఆమ్లానికే ఇలా అవుతుందా, అన్నిటికీనా అని వరసగా పరీక్షించాడు. దాంతో, తెలియని ద్రవం ఆమ్లమా, క్షారమా, రెండూ కాదా అని తేల్చే సాధనం చేతికొచ్చింది.

కొలిచే పద్ధతులు ఆ తరువాత వచ్చాయి. ఫినాఫ్తలీన్ 1877లో ఇండికేటరుగా వాడుకలోకి వచ్చింది. పీహెచ్ అనే కొలత 1909లో పుట్టింది. ఫినాఫ్తలీన్ సుమారు 8.2 దాటాక గులాబీ రంగుకు తిరగడం మొదలుపెడుతుంది. ముదురు రంగు వచ్చేదాకా ఆగితే హద్దు దాటినట్లే. కలిపాక అర నిమిషం నిలిచే లేత గులాబీయే అసలు గుర్తు. ఇంకాసేపు ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడు వల్ల అదీ వెలిసిపోతుంది. మిథైల్ ఆరెంజ్ ఇంకా తికమక పెడుతుంది. పసుపుకూ ఎరుపుకూ నడుమ నారింజ ఛాయ పట్టుకోవాలి. పక్కన పోలికకు మరో ఫ్లాస్కు పెట్టుకుంటే పని సులువు. కంటి చూపు ఎంత ఉన్నా, చూసే ఏర్పాటు సరిగా ఉండాలి. తెల్ల కాగితంతో బాయిల్ చేసిందీ ఇదే.

1661లో ఆయన మరో పని కూడా చేశాడు. విఫలమైన ప్రయోగాల మీదనే ప్రత్యేకంగా రెండు వ్యాసాలు ప్రకటించాడు. కొన్న సరుకులో కల్తీ ఉంటే ఫలితం ఎలా తప్పుతుందో వివరించాడు. ఇది మనం ఆలోచించవలసిన విషయం. నార్మాలిటీ ముందే తెలుసుకుని, వెనక్కి లెక్కగట్టి, మూడు రీడింగులూ ఒకటే వేసేవాళ్ళు మన లాబొరేటరీల్లో లేకపోలేదు. మార్కులు వస్తాయి గాని, రంగు గుర్తుపట్టడం రాదు. రేపు మందుల కంపెనీలోనో, భూసార పరీక్షా కేంద్రంలోనో ఉద్యోగం వస్తే, ఆ రీడింగును నమ్ముకుని ఒక రైతు తన చేలో ఎరువు వేస్తాడు.

బాయిల్ పెళ్ళి చేసుకోలేదు. 1668 నుంచి లండనులో అక్క కేథరిన్ ఇంటనే ఉన్నాడు. 1670లో పక్షవాతం వచ్చినా ప్రయోగాలు మానలేదు. 1680లో రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే, ప్రమాణం చేయడానికి మనస్సాక్షి ఒప్పక వద్దన్నాడు. 1691 డిసెంబరులో అక్క పోయిన వారం రోజులకే, 31వ తేదీన ఆయనా కన్నుమూశాడు.

పదవి కోసం ఒక మాట పలకడానికే వెనకాడిన ఆ మనిషి, ప్రయోగం తప్పితే తప్పిందని రాయడానికి మాత్రం జంకలేదు. బ్యూరెట్టు చేతబట్టిన మనకు ఆయన జీవితంలో ఇంతకన్నా పెద్ద పాఠం నాకు కనపడలేదు.