కీర్తిశేషులు శ్రీ తెన్నేటి విశ్వనాథం గారు

గత సంవత్సరము మన యౌవనస్థుల కూటము వారిని విశాఖపట్నము విహారయాత్రకు తీసికొని వెళ్లినప్పుడు, కైలాసగిరి క్రింద సముద్రపు ఒడ్డున ఉన్న తెన్నేటి పార్కులో మధ్యాహ్న భోజనమునకు కూర్చుంటిమి. పులిహోర పొట్లములు విప్పుచుండగా ఒక అబ్బాయి, తెన్నేటి అనునది ఊరి పేరో మనిషి పేరో చెప్పుమని మమ్ము అడిగెను. అక్కడ కూర్చున్న పిల్లలలో ఒక్కరికిని తెలియదు. నిజము చెప్పవలెనంటే మాకును పేరు తెలియునే గాని జీవితము అంతగా తెలియదు. వారు చనిపోవు నాటికి మేమింకను పుట్టలేదు. తిరిగి వచ్చిన తరువాత పెద్దలను అడిగియు, గ్రంథాలయములో చదివియు తెలిసికొన్న సంగతులు ఈ శతవార్షిక సంచికలో వ్రాయుచున్నాము.

సంఘ సంచికలో రాజకీయ నాయకుని జీవితమేల అని కొందరు అనుకొనవచ్చును. వారు మన సంఘస్థులు కారు. కాని తుమ్మపాలలో చక్కెర ఫ్యాక్టరీ దాటి చోడవరము రోడ్డున పోయే బస్సు ఎక్కినచో వారి జన్మస్థలమైన లక్కవరము ఎంతో దూరము కాదు. ఇంత దగ్గరివాని పేరు మన పిల్లలకు తెలియకపోవుట మాకు సిగ్గనిపించినది.

విశ్వనాథం గారు 1895లో జన్మించిరి. న్యాయశాస్త్రము చదివిరి గాని, గాంధీజీ పిలుపు వచ్చిన పిమ్మట వారి జీవితము కోర్టు కంటె జైలుకే ఎక్కువ పరిచయమైనది. ఆనాటి మన జిల్లాలో కాంగ్రెసు అనగానే గుర్తుకు వచ్చే కొద్ది పేర్లలో వారి పేరు ఒకటి. 1937 ఎన్నికలలో మద్రాసు శాసనసభకు వెళ్లిరి. అప్పటికే వారు టంగుటూరి ప్రకాశం పంతులు గారి మనిషి. ఆ తరువాత ఇరువది సంవత్సరములు ప్రకాశం గారు ఏ త్రోవన పోయిన వీరును ఆ త్రోవనే నడచిరి.

ఆ త్రోవ సుఖమైనది కాదు. 1946లో ప్రకాశం గారు మద్రాసు ముఖ్యమంత్రి అయిరి, పదకొండు నెలలలోనే సొంత పార్టీవారే దింపివేసిరి. 1951లో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి గారికిని ఎన్.జి. రంగా గారికిని పోటీ జరిగి, రంగా గారు ఓడిన తరువాత, ప్రకాశం గారును రంగా గారును కాంగ్రెసు విడిచి ప్రజా పార్టీ పెట్టిరి. అది ఆచార్య కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో కలిసినది. రంగా గారు మరల విడిపోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకొనిరి. కాంగ్రెసులోనే నిలిచియుండిన పదవికి కొదువ ఉండదని తెలిసియు విశ్వనాథం గారు ప్రకాశం గారి వెంట బయటికి వచ్చిరి. 1952 ఎన్నికలలో 375 స్థానములున్న మద్రాసు శాసనసభలో ఆ పార్టీకి వచ్చినవి 35. ప్రకాశం గారే మద్రాసు నగరములో ఓడిపోయిరి. విశాఖపట్నములో విశ్వనాథం గారు గెలిచిరి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ప్రకాశం గారు ముఖ్యమంత్రి, విశ్వనాథం గారు ఆర్థికమంత్రి. రాజధాని కర్నూలులో కార్యాలయములకు కట్టడములు చాలక డేరాలు వేసిరి. మద్రాసు నగరము మనకు దక్కలేదు, దాని రాబడియు దక్కలేదు. అట్టి ఇంటికి లెక్కలు చూచుట ఎంత కష్టమో, సంఘ కోశాధికారిగా పని చేసిన వారెవరైనను ఊహింపగలరు. అయినను ఆ పదమూడు నెలలలోనే గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినవి. కృష్ణమీద కొత్త బ్యారేజికి పునాదిరాయి పడినది.

ఆ ప్రభుత్వము పడిపోయిన విధము మన సంఘములలో చర్చింపదగినది. మద్రాసు నుండి సంక్రమించిన మద్యనిషేధ చట్టమువలన కల్లుగీతవారు వేలాది కుటుంబములు బ్రతుకు తెరువు కోల్పోయిరి. గౌతు లచ్చన్న గారు వారి పక్షమున ఆందోళన నడిపిరి. విచారణకు వేసిన రామమూర్తి కమిటీ నిషేధమును ఎత్తివేయుమని చెప్పినది. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానము ఓట్లకు వచ్చినప్పుడు అనుకూలముగా 69, ప్రతికూలముగా 68. ఒక్క ఓటు!

మనము మద్యమునకు విరోధులము. మేమును ఈ విషయమై ఎన్నో ప్రసంగములు చేసియున్నాము. అయినను చెట్టెక్కి గీయుట తప్ప వేరు పని తెలియని మనిషికి ఏ పనియు చూపకుండ అతని కత్తిని లాగికొన్నచో, అది అతని ఇంటిలో ఆకలిగా మారును. ఆ మంత్రివర్గము గొప్ప నియమము కొరకు పడిపోయినదన్న మాట నిజమే. గీతవారి కుటుంబములకు తెరువు చూపుటలో అది చాలలేదన్న మాటయు నిజమేనని మాకు తోచుచున్నది. ఈ రెండవ మాటను మన పెద్దలు కొందరు ఒప్పుకొనరు.

1957లో ప్రకాశం గారు కన్నుమూసిరి. పెద్ద చెట్టు నీడన పెరిగినవారు ఆ చెట్టు పోయిన తరువాత వాడిపోవుట లోకములో చూచుచుందుము. ఇక్కడ అట్లు జరుగలేదు. 1962లో మాడుగుల నుండి స్వతంత్ర అభ్యర్థిగా శాసనసభకు వచ్చిరి. వారి జీవితములో పెద్ద పని అప్పటికింకను రానేలేదు.

దక్షిణాదిన ఉక్కు ఫ్యాక్టరీ ఎక్కడ కట్టవలెనని పరిశీలించిన ఆంగ్లో-అమెరికను నిపుణుల బృందము 1965లో విశాఖపట్నమే తగినదని చెప్పినది. మైసూరు వారు హోస్పేటకు, మద్రాసు వారు సేలమునకు పట్టుబట్టిరి. ఢిల్లీ ఏమియు తేల్చలేదు. 1966 అక్టోబరులో అమృతరావు గారు విశాఖపట్నములో నిరాహారదీక్షకు కూర్చుండిరి. విద్యార్థులు వీధులకెక్కిరి, రైళ్లు ఆగిపోయినవి. డెబ్బది యొకటేండ్ల విశ్వనాథం గారు ఆ ఉద్యమమునకు ముందు నిలిచిరి. వారి వెనుక చెప్పుకోదగిన పార్టీ లేదు. బహుశా అందువల్లనే అన్ని పార్టీలవారు వారి మాట వినిరి. మన సంఘ సర్వసభ్య సమావేశమును చీకటి పడకముందు ముగించుటకే మాకు చెమటలు పట్టును. ఒకరి ముఖము ఒకరు చూడని పార్టీలను ఒక బల్ల చుట్టు కూర్చుండబెట్టుట సామాన్యమా?

నవంబరు 1న విశాఖపట్నములో పోలీసులు కాల్పులు జరిపిరి. రాష్ట్రమంతట ఆ ఉద్యమములో ప్రాణములు కోల్పోయినవారు 32 మంది. శాసనసభ్యులు 67 మంది రాజీనామాలిచ్చిరి. మన సంఘములో ఒక వృద్ధుడు అప్పుడు విశాఖపట్నములో చదువుకొనుచుండెను. ఆనాటి సంగతి అడిగినప్పుడు ఆయన కొంతసేపు మాట్లాడి, తన ప్రక్క గది విద్యార్థి దగ్గరకు వచ్చుసరికి ఆగిపోయెను. మేము మరల అడుగలేదు.

1967లో విశాఖపట్నము ప్రజలు విశ్వనాథం గారిని స్వతంత్ర అభ్యర్థిగానే లోకసభకు పంపిరి. వారు ఆ సభలో సభ్యులుగా ఉండగానే, 1970 ఏప్రిల్ 17న శ్రీమతి ఇందిరాగాంధీ విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ వచ్చునని ప్రకటించిరి. మరుసటి జనవరిలో పునాదిరాయి పడినది. గాజువాక చుట్టు ప్రక్కల రైతులు భూములిచ్చిరి. ఆర్ కార్డు చేతబట్టుకొని ఉద్యోగము కొరకు ఏండ్ల తరబడి తిరిగిన కుటుంబములు మన బంధువర్గములోను కలవు. ఫ్యాక్టరీ వచ్చినదన్న సంతోషముతో వారిని మరువరాదు. 2021 జనవరిలో దాని వాటాలు పూర్తిగా అమ్మివేయుటకు కేంద్రము సూత్రప్రాయముగా నిర్ణయించినప్పుడు, కూర్మన్నపాలెం వద్ద దీక్షా శిబిరము వెలసి, 1966 నాటి నినాదమే మరల వినబడినది.

రాజకీయముల నడుమ వారు చేసిన మరియొక పని మాకు మిక్కిలి ఇష్టమైనది. ప్రకాశం గారు తమ స్వీయచరిత్ర నా జీవిత యాత్రను ముగింపకుండగనే వెళ్లిపోయిరి. మిగిలిన కథను నాలుగవ భాగముగా వ్రాసినవారు విశ్వనాథం గారు. మంత్రి పదవి చేసి, పార్లమెంటు చూచి, ఒక మహోద్యమమును నడిపిన మనిషి కూర్చుండి, తన నాయకుని కథను పూర్తిచేసిరి.

1979 నవంబరులో వారు మరణించిరి. ఉక్కు ఫ్యాక్టరీలో మొదటి కొలిమి వెలిగినది 1990లో. 2004లో తపాలాశాఖ వారు వారి పేర స్టాంపు విడుదల చేసిరి. దాని బొమ్మ నొకటి సంపాదించి మన సండేస్కూలు గది గోడకు అంటించియున్నాము. పార్కులో ప్రశ్న అడిగిన అబ్బాయే మేకులు కొట్టెను.