చేతిపనికి పెద్దదిక్కు కమలాదేవి

గుడివాడనుండి గుడ్లవల్లేరు మీదుగా బందరునకు పోవు రైలుదారిలో పెడన యున్నది. అచ్చట చెక్క అచ్చులతో బట్టపై పూలును లతలును అద్దుదురు. ఒకనాడు ఓడలలో పారశీకమునకు పోయిన యీ కలంకారి, మిల్లుబట్టల పోటీకి తాళలేక క్షీణించెను. కళ క్షీణించిన నాడు మొదట పస్తులుండునది పనివాని కుటుంబమే. ఈ సత్యమును గ్రహించి, ఆ కుటుంబముల పక్షమున జీవితమంతయు శ్రమించిన మహనీయురాలు కమలాదేవీ చటోపాధ్యాయ.

ఆమె 1903 ఏప్రిల్ 3న మంగళూరులో జన్మించెను. తండ్రి వీలునామా వ్రాయకయే మరణింపగా ఆస్తి సవతికుమారునకు పోయెను; తల్లి గిరిజాబాయికి హక్కు లేకపోయెను. దిక్కులేని స్త్రీ స్థితి యెట్టిదో ఆ బాలిక ఇంటనే చూచెను. బాల్యవివాహము, వెంటనే వైధవ్యము ఆమెకును తప్పలేదు. అయినను చదువు మానలేదు. లోకుల నిందకు వెఱవక, సరోజినీ నాయుడు తమ్ముడును హైదరాబాదు వాడునగు హరీంద్రనాథుని పునర్వివాహమాడెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున కారాగారమున కేగెను.

1947లో దేశవిభజన జరిగి లక్షలాది జనులు నిరాశ్రయులైరి. శరణార్థులకు కావలసినది భిక్ష కాదు, పని యని కమలాదేవి తలచెను. 1948లో భారత సహకార సమాఖ్యను స్థాపించెను. ఢిల్లీ చెంతనున్న ఫరీదాబాదులో వాయవ్య సరిహద్దునుండి వచ్చిన శరణార్థులు సహకార పద్ధతిని తమ పట్టణమును తామే కట్టుకొనిరి.

1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడగా ఆమె దాని నాయకత్వము వహించెను. పల్లెపల్లెకు తిరిగి, మూలబడిన వృత్తుల పెద్దలను వెదకెను. మాటలతో సరిపుచ్చక, నేర్పుటకు శిక్షణశాలలను, అమ్ముటకు అంగళ్లను సమకూర్చెను. శ్రీకాళహస్తిలో కలంపట్టి గీయు కలంకారి అడుగంటుచుండగా, ఆ దశాబ్దముననే అచ్చట శిక్షణశాల వెలసెను. జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువయ్యెను. బట్టను కరక్కాయ రసమునను పాలలోను తడుపుట, ఇనుమును బెల్లమును నానబెట్టి నల్లరంగు తీయుట మొదలగు ఇంటిగుట్టులు శిష్యులకు పాఠములయ్యెను.

1966లో ఆమెకు మెగసెసే పురస్కారము లభించెను. 1988 అక్టోబరు 29న ఆమె పరమపదించెను.

నేడు యంత్రముపై ముద్రించిన నకిలీ కలంకారి తక్కువ వెలకు దొరకుచున్నది. అసలు బట్ట వెలలో ఒక కుటుంబపు అన్నము, ఒక బిడ్డ చదువు ఇమిడియున్నవి. ఆ భేదము నెఱుగుట విద్యార్థులు కమలాదేవికి చేయదగిన నివాళి.